స్వయంగా నేర్చుకోవడమా? పరీక్షలకు చదవడమా? – రెండింటినీ కలిపే దారి

జూన్ నెలలో బడులు తెరవగానే తల్లిదండ్రుల మధ్య రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "మార్కులు రాకపోతే రేపు సీటెక్కడొస్తుంది? రోజూ పుస్తకం ముందు కూర్చోవాల్సిందే" అనేది మొదటిది. "ఎప్పుడూ బట్టీయేనా? పిల్లలకు ఇష్టమైనది చదువుకోనివ్వరా?" అనేది రెండోది. రెండు మాటల్లోనూ నిజముంది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే నష్టపోయేది పిల్లలే. కలిగిన ఇంటి బిడ్డ ఒక దారిలో తప్పిపోయినా మరో దారి కొనుక్కోగలడు. తోపుడు బండి మీద, కుట్టు మిషను మీద, ఆటో మీద బతికే ఇంటి బిడ్డకు ఆ వీలు లేదు. అందుకే ఈ విషయాన్ని వాదనగా గాక ఆచరణకు పనికొచ్చే పాఠంగా పాఠకుల ముందు పెడుతున్నాం.

మాటల అర్థం ముందుగా

స్వయంగా నేర్చుకోవడం అంటే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడం కాదు. ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి, ఎంతవరకు వచ్చింది, రానిచోట ఏం చేయాలి అనే నాలుగు ప్రశ్నలను పిల్లలు మెల్లమెల్లగా తమ చేతుల్లోకి తీసుకోవడం. అమెరికా విద్యా మనస్తత్వవేత్త బారీ జిమ్మర్‌మన్ దీనిని మూడు దశల చక్రంగా వివరించారు. పనికి ముందు లక్ష్యం పెట్టుకోవడం, పని జరుగుతున్నప్పుడు తనను తాను గమనించుకోవడం, పని ముగిశాక ఫలితాన్ని సరిచూసుకుని మళ్లీ మొదలుపెట్టడం. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఈత లాగా, సైకిల్ లాగా నేర్పితే వచ్చే విద్య.

ఇక ప్రామాణిక పరీక్ష అంటే అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే సమయం, దిద్దడానికి ఒకే కొలత. మన పదో తరగతి పబ్లిక్ పరీక్ష అలాంటిదే. దీన్ని తిట్టడం తేలిక. కాని ఒక్క విషయం మరువకూడదు. జవాబుపత్రం దిద్దే ఉపాధ్యాయుడికి రాసినవారి పేరు తెలియదు, వీధి తెలియదు, తండ్రి ఏం పని చేస్తాడో తెలియదు. సిఫారసు చేసేవారు లేని బిడ్డకు ఆ తెలియకపోవడమే రక్ష.

మన చట్టం కూడా ఈ రెండింటినీ ఒకేసారి అడుగుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం చదువు పిల్లలు కేంద్రంగా ఉండాలి, పనులు చేస్తూ, వెదుకుతూ, కనుగొంటూ సాగాలి, భయం ఉండకూడదు. అదే చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడు నిర్ణీత గడువులోగా పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయాలి. ఒకటి నిదానంగా నడవమంటే ఇంకొకటి త్వరపడమంటుంది. మన ఉపాధ్యాయులు రోజూ నలిగిపోతున్నది ఈ రెండింటి మధ్యే.

పూర్తి స్వేచ్ఛ ఎంతవరకు పనిచేసింది?

ఇంగ్లండులోని లీస్టన్ పట్టణంలో సమ్మర్‌హిల్ అనే బడి ఉంది. ఎ. ఎస్. నీల్ 1921లో ఈ ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ టైంటేబుల్ ఉంటుంది, ఉపాధ్యాయులు తరగతికి వస్తారు, కాని పిల్లలు రావాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. 1999లో ప్రభుత్వ తనిఖీ అధికారులు దీనిపై తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. విషయం ట్రిబ్యునల్ వరకు వెళ్లింది. 2000లో ఒప్పందం కుదిరి, తరగతికి వెళ్లడం పిల్లల ఇష్టానికే వదిలే పద్ధతి నిలిచింది. అయినా ఆ బడి పిల్లలు కోరుకుంటే దేశమంతా రాసే పరీక్షలే రాస్తారు. ప్రపంచంలో అత్యంత స్వేచ్ఛ గల బడిగా పేరుపడ్డ చోట కూడా పరీక్ష అనే తలుపును మూసేయలేదు.

మన దేశంలో 1999లో సుగతా మిత్రా ఢిల్లీలోని కాల్కాజీలో ఒక మురికివాడ పక్క గోడకు కన్నం చేసి కంప్యూటరు పెట్టారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు గుమిగూడి, ఒకరికొకరు చెప్పుకుంటూ దానిని వాడడం నేర్చుకున్నారు. తరువాత తమిళనాడులోని కలికుప్పం అనే పల్లెలో తమిళం మాట్లాడే పిల్లల ముందు ఇంగ్లీషులో ఉన్న జీవశాస్త్ర పాఠం పెట్టారు. వాళ్లు తమంతట తాము కొంత గ్రహించారు. ఆ శాస్త్రం ఏమీ తెలియని ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని "అదెలా చేశావు? మళ్లీ చూపించు" అని ప్రోత్సహించాక మార్కులు ఇంకా పెరిగాయి. చదువు రాని తల్లిదండ్రులకు ఇందులో పెద్ద ధైర్యం ఉంది. పాఠం చెప్పలేకపోయినా, అడిగేవారు, వినేవారు ఉంటే బిడ్డ ముందుకు వెళ్తుంది.

అదే ప్రయోగానికి మరో ముఖం కూడా ఉంది. ఉత్తరాఖండ్‌లోని అల్మోరా ప్రాంతంలో ఇలా పెట్టిన కంప్యూటర్లు కొన్నాళ్లకు పనిచేయకుండా పోయాయని తరువాత వెళ్లి చూసిన పరిశోధకులు రాశారు. పట్టించుకునే బడి గాని, పెద్దలు గాని లేనిచోట ఉత్సాహం ఎక్కువ కాలం నిలవదు. పరికరం ఇస్తే సరిపోదని, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి "నేర్చుకుంటాడులే" అనుకునే మనం గమనించాలి.

మన నేల మీది రెండు అనుభవాలు

1897లో హైదరాబాదులో పుట్టి, తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ మొదట ఉపాధ్యాయులు. జామియా మిల్లియాను రెండు దశాబ్దాలకు పైగా నడిపించారు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సదస్సు ఆయన అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని చుట్టూ అల్లిన పాఠాలు ఆ నివేదికలోని ముఖ్యాంశాలు. నూలు వడుకుతూ లెక్కలు, పత్తి గురించి చెబుతూ భూగోళం నేర్పాలన్నది ఆలోచన.

ఆ నివేదిక పరీక్షల గురించి చెప్పినది ఈనాటికీ ఆలోచించదగినది. దేశంలో పరీక్షలకు వాటి ప్రయోజనాన్ని మించిన స్థానం ఇచ్చారని ఆ సంఘం గట్టిగా విమర్శించింది. అలాగని కొలత అక్కర్లేదనలేదు. ఒక ప్రాంతంలోని బడుల్లో కొద్దిమంది విద్యార్థులను ఎంచి, వారు ఎంత నేర్చుకున్నారో పరిశీలించి, ఆ బడుల పనితీరు తెలుసుకోవచ్చని సూచించింది. అంటే పరీక్ష భారాన్ని బిడ్డ భుజం మీది నుంచి దించి వ్యవస్థ భుజం మీద పెట్టడం. నేడు జాతీయ స్థాయిలో కొన్ని తరగతుల పిల్లలకు నమూనాగా జరిపే సాధన సర్వేల్లో కనిపించేది ఈ ఆలోచనే.

రెండో అనుభవం చిత్తూరు సీమలోనిది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతోంది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం చెప్పడం వీలుకాని పరిస్థితి. అక్కడి ఉపాధ్యాయ బృందం పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టింది. ప్రతి కార్డుకు ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. గోడ మీద నిచ్చెనలా ఒక పటం ఉంటుంది. బిడ్డ పొద్దున్నే వచ్చి తాను ఏ మెట్టు మీద ఉన్నదో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని, తగిన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు ఉపాధ్యాయుడు పూర్తిగా తోడుంటాడు, ఒక గుంపుకు కొంత సాయం చేస్తాడు, మరో గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఆ నిచ్చెనలో మెట్ల వరుసను పెద్దలే నిర్ణయించారు, అది కట్టుబాటు. ఎంత వేగంగా ఎక్కాలన్నది బిడ్డ చేతిలో ఉంది, అది స్వేచ్ఛ. కొన్ని మెట్లకొకసారి ఒక పరీక్ష కార్డు వస్తుంది. వచ్చిందా, ముందుకు. రాలేదా, మళ్లీ అభ్యాసం చేసే కార్డులు. ఫెయిల్ అనే మాట లేదు. వ్యవసాయ పనుల రోజుల్లో నాలుగు వారాలు బడి మానేసిన బిడ్డ తిరిగి వచ్చి, ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. ఈ పద్ధతి కర్ణాటకలో 1995 నుంచి 'నలి–కలి'కి, 2003 నుంచి చెన్నై నగరపాలక బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు ప్రేరణ అయింది. రిషీవ్యాలీ పెద్ద బడి పిల్లలు కూడా చివరికి ఐసీఎస్ఈ పరీక్ష రాస్తారు.

కొత్తగా అనిపించే ఈ పద్ధతి మనకు పూర్తిగా కొత్తది కాదు. హిఫ్జ్ చదివే పిల్లలను చూడండి. ప్రతి బిడ్డకు ఆ రోజు సబఖ్ వేరు. ఒకరు అరపేజీ, ఒకరు నాలుగు వరుసలు. ఉస్తాద్ ప్రతి ఒక్కరిదీ విడిగా విని, వచ్చిందనుకుంటేనే ముందుకు పంపుతారు. పాత పాఠం రోజూ తిరగేయడం తప్పనిసరి. ఎవరి వేగం వారిది, క్రమం మాత్రం అందరిదీ ఒకటే, పరీక్ష రోజూ ఉంటుంది. నలభై మందిని ఒకే వేగంతో లాక్కుపోయే తరగతి గది దీని నుంచి నేర్చుకోవలసింది ఉంది. అర్థం తెలుసుకోవడం, ప్రశ్నించడం, ప్రయోగం చేయడం లెక్కలకు, సైన్సుకు అదనంగా కావాలి. ఆ తేడాను గుర్తుంచుకుంటే చాలు.

పరీక్షకు రెండు ముఖాలు

పరీక్ష కొలబద్ద మాత్రమే కాదు, నేర్చుకునే సాధనం కూడా. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కళాశాల విద్యార్థులకు కొన్ని పాఠాలు చదవమని ఇచ్చారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తరువాత అడిగితే తారుమారైంది. మళ్లీ చదివినవారికి గుర్తున్నది 42 శాతం, మూసి రాసినవారికి 56 శాతం. రాత్రంతా పదిసార్లు చదివి, "అంతా వచ్చేసింది" అనుకున్న బిడ్డ పరీక్ష హాలులో తెల్లబోవడానికి కారణం ఇందులో కనిపిస్తుంది. పుస్తకం మూసి తనకు తాను పెట్టుకునే పరీక్షకు ఫీజు లేదు, భయం లేదు, ర్యాంకు లేదు. స్వయం అభ్యసనమూ పరీక్షా ఒకటయ్యే చోటు ఇదే.

రెండో ముఖం వేరు. ఒక అంకె మీదే పెద్ద నిర్ణయాలన్నీ ఆధారపడితే, మనుషులు పనిని వదిలి ఆ అంకెను పెంచడం మీద పడతారని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే హెచ్చరించారు. మన చుట్టూ చూస్తే ఉదాహరణలకు కొదవ లేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో నాలుగు అంశాలున్నాయి: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. బిడ్డ సొంతంగా వెదికి తెలుసుకోవడానికే ప్రాజెక్టును పెట్టారు. అది చాలాచోట్ల నెట్ సెంటరులో ప్రింటు తీయించి, రంగు అట్ట వేసి ఇచ్చే కాగితాల కట్టగా మారింది. తండ్రి ముప్పై, నలభై రూపాయలు ఖర్చుపెడతాడు, బిడ్డ ఒక్క ముక్క చదవదు, మార్కులు మాత్రం పడతాయి. మంచి ఆలోచనను మార్కు మింగేసిన తీరు ఇది.

మార్కుకు బదులు మాట ఎంత పని చేస్తుందో 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చూపారు. పిల్లల పనికి వ్యాఖ్య మాత్రమే రాసి ఇచ్చినచోట వారి తరువాతి పని మెరుగైంది. మార్కు ఇచ్చినచోట, మార్కుతో పాటు వ్యాఖ్య రాసినచోట కూడా, ఆ మెరుగు కనిపించలేదు. మార్కు కనబడగానే పిల్లలు దాని కిందిది చదవరు. ఉపాధ్యాయులు లఘు పరీక్ష కాగితాల మీద ముందు ఒక వాక్యం రాసి ఇచ్చి, తప్పులు సరిచేసుకున్నాక మార్కు చెబితే ఖర్చు లేకుండానే మార్పు వస్తుంది.

ఏ వయసులో ఎంత?

సమతూకం అంటే అన్ని తరగతుల్లోనూ సగం సగం అని కాదు.

ఒకటి నుంచి అయిదు వరకు చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, భాగహారం క్రమంగా, ఓపికగా నేర్పాల్సినవి. ఇవి రాని బిడ్డకు "నీకు నచ్చింది చదువుకో" అని చెప్పడం వంతెన లేని వాగు ముందు వదిలేయడమే. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడింటి మధ్య బిడ్డ తడబడుతుంటే తెలివి లేదని అనుకోకూడదు. ముందు ఇంటి భాషలో అర్థం చెప్పించి, తరువాత పుస్తకం భాషలోకి తేవాలి. ఈ దశలో స్వేచ్ఛ కథల పుస్తకం ఎంచుకోవడంలో, బొమ్మ వేయడంలో, ఆటలో ఉండాలి. ర్యాంకులు అసలు వద్దు.

ఆరు నుంచి ఎనిమిది వరకు స్వేచ్ఛను పెంచడానికి సరైన కాలం. పబ్లిక్ పరీక్ష ఇంకా దూరంగా ఉంది, కుతూహలం నిండుగా ఉంటుంది. పండ్ల బండి నడిపే ఇంటి బిడ్డ ఒక వారం పాటు కొన్న ధర, అమ్మిన ధర, కుళ్లిపోయిన కాయల లెక్క రాస్తే లాభనష్టాల పాఠం మొత్తం అందులోనే ఉంది. దర్జీ ఇంటి అమ్మాయికి భిన్నాలు టేపు మీదే కనిపిస్తాయి. కరెంటు బిల్లులోని యూనిట్లు, శ్లాబులు చదివితే గణితం, భౌతికశాస్త్రం రెండూ వస్తాయి. జాకిర్ హుస్సేన్ సంఘం చెప్పిన చేతిపని చదువును మన వీధిలోనే అమలు చేయవచ్చు.

ఇదే దశలో ఒక పరీక్షను మాత్రం వదులుకోకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవారికి జాతీయ ఉపకార వేతనాల పరీక్ష, ఎన్ఎంఎంఎస్, ఉంది. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించకూడదు. మానసిక సామర్థ్యంపై 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలపై 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయలు. పదో తరగతి తరువాత చదువు మాన్పించే ఆలోచన ఉన్న ఇంట్లో ఆ డబ్బు ఒక ఆడపిల్లను కాలేజీ దాకా తీసుకెళ్లగలదు. పరీక్షలంటే పడనివారు కూడా ఈ తలుపును చూడక తప్పదు.

తొమ్మిది, పది తరగతుల్లో కట్టుబాటు బరువు పెరుగుతుంది. సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, గడియారం పెట్టుకుని రాయడం అవసరం. అప్పుడు కూడా వారంలో ఎప్పుడు ఏ సబ్జెక్టు చదవాలో బిడ్డే కాగితం మీద వేసుకోవాలి. పెద్దలు ఆ పట్టికను చూసి సలహా ఇవ్వాలి గాని, తామే వేసి గోడకు అంటించకూడదు. ఇంటర్‌లో, డిగ్రీలో పక్కన ఎవరూ ఉండరు. ఆ అలవాటు ఇక్కడే పడాలి.

సాయంత్రపు గంటన్నరకు ఒక పద్ధతి

ఇంట్లో గాని, వీధిలో నలుగురు కలిసి నడిపే చదువు కేంద్రంలో గాని ఈ పద్ధతిని ఆచరించవచ్చు.

1. మొదటి పది నిమిషాలు: పుస్తకం మూసి, నిన్నటి పాఠంలో గుర్తున్నది రాయాలి. తరువాత పుస్తకం తెరిచి తప్పిపోయినవి వేరే రంగులో చేర్చుకోవాలి.

2. తరువాతి నలభై నిమిషాలు: బడిలో ఆ రోజు జరిగిన పాఠం, లెక్కలు. కొత్త రకం లెక్క అయితే ముందు చేసి చూపిన లెక్కను గమనించాలి, తరువాత సగం చేసినది పూర్తి చేయాలి, ఆ తరువాతే సొంతంగా చేయాలి.

3. ఆపై ఇరవై అయిదు నిమిషాలు: బిడ్డ ఎంచుకున్నది. కథ కావచ్చు, నక్షత్రాలు కావచ్చు, మోటారు విప్పడం కావచ్చు. ఎందుకని అడ్డు చెప్పకూడదు. "ఈ రోజు ఏం కొత్తగా తెలిసింది?" అని మాత్రం అడగాలి.

4. మిగిలిన పావుగంట: పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు ఒక విషయం చెప్పాలి. చెప్పగలిగితేనే తమకు వచ్చినట్టు.

5. శనివారం: ప్రతి బిడ్డ తన నోటుపుస్తకంలో మూడు వరుసలు రాయాలి. ఈ వారం ఏం వచ్చింది, ఏం రాలేదు, వచ్చే వారం ఏం చేస్తాను.

ఆ మూడు వరుసల నోటుపుస్తకాన్ని ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి చూడండి. మార్కుల కార్డు బిడ్డ ఎక్కడ ఉందో చెబుతుంది. నోటుపుస్తకం బిడ్డ ఎటు నడుస్తోందో చెబుతుంది. తల్లిదండ్రులకు, ఉపకార వేతనం ఇచ్చే సంఘాలకు, దాతలకు రెండూ తెలియాలి. సాయం కోరి వచ్చిన దరఖాస్తుల్లో శాతం ఒక్కటే చూసి పక్కన పెట్టేస్తే, ఆలస్యంగా మెట్లెక్కుతున్న బిడ్డ చేయి వదిలినట్టవుతుంది. శాతం అసలు చూడకపోతే, రాత్రింబవళ్లు కష్టపడిన బిడ్డకు అన్యాయం చేసినట్టవుతుంది.

తల్లిదండ్రులకు మా మనవి ఇంతే. ఫలితాలు వచ్చిన రోజు "ఎన్ని మార్కులు?" అని అడగడం సహజం, అడగండి. మిగిలిన రోజుల్లో మాత్రం "ఈ రోజు నువ్వేం ప్రశ్న అడిగావు?" అని అడగండి. మొదటి ప్రశ్న బిడ్డను తలుపు దాకా తీసుకెళ్తుంది. తలుపు దాటాక నడవాల్సిన దూరమంతా రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.